కన్ను గట్టిపడిపోతే కుట్టు పడదన్నారు

“లేజరు కొట్టించీసినావంటే కన్ను రాయిలాగ అయిపోద్దిరా, ఆనక గుడ్డు మార్సాలన్నా సూది దిగదు, కుట్టు పడదు.”

నల్లగుడ్డు మీది పొర పల్చబడిపోయే జబ్బు నాది, అది ముదరకుండా ఆపే వైద్యం ఒకటి చేయించమని 2013లో డాక్టర్లు చెప్పినప్పుడు మా మావయ్య అన్న మాట ఇది. కాశీబుగ్గలో ఒక డాక్టరు దగ్గర ఇరవై ఏళ్ళు కాంపౌండరుగా చేసిన మనిషి, మా ఊళ్ళో జ్వరమొచ్చినా తేలు కుట్టినా ముందు ఆయన గుమ్మంలోకే వెళ్తారు, చెడ్డవాడు కాదు, నా మంచి కోరే చెప్పాడు. ఆ మాట విని మా నాన్న వైద్యానికని తీసిన పాతిక వేలూ మళ్ళీ బీరువాలో పెట్టేశాడు. నేనూ లోపల్లోపల సంతోషించాను, పంతొమ్మిదేళ్ళ వయసులో కంటి మీద ఎవరో గీకుతారంటే ఎవరికి ఇష్టం చెప్పండి. ఇప్పుడు నా కుడి కంట్లో ఆ పొర, అంటే కార్నియా, ఇంకొకరిది ఉంది, ఎడం కంట్లో నాదే ఉంది. ఈ తేడా ఎక్కడొచ్చిందా అని ఇన్నేళ్ళు డాక్టర్లని విసిగించి, దొరికిందల్లా చదివి, ఇవాళ కూర్చుని రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి, కాబట్టి నా మాట పట్టుకుని ఎవరూ ఏ ఆపరేషనూ చేయించుకోకండి, మానేయకండి కూడా. అసలు బాధ ఆ మానేయడం గురించే.

జబ్బు పేరు కెరటోకోనస్. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా, మధ్యలో దాని మందం మామూలు వాళ్ళకి దాదాపు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ జబ్బులో అది పల్చబడుతూ, కంటి లోపలి ఒత్తిడికి ఆగలేక ముందుకి పొడుచుకొస్తుంది, కోడిగుడ్డు కొనలాగ. ఎక్కువగా టీనేజీలో మొదలై ముప్పై దాటేదాకా ముదురుతూ వచ్చి తర్వాత నెమ్మదిస్తుంది. నాకు టెన్త్‌లో మొదలైంది. ఆరు నెలలకోసారి సిలిండర్ నంబరు, అంటే కార్నియా వంకరని సరిచేసే నంబరు, మారేది, కళ్ళజోళ్ళ షాపాయన ప్రతిసారీ నవ్వుతూ కొత్త ఫ్రేము అమ్మేవాడు, నాలుగు జోళ్ళు మారినా ఇదేదో తేడాగా ఉంది టోపోగ్రఫీ, అంటే కార్నియా ఆకారం కొలిచే పరీక్ష, చేయించండి అని ఎవరూ అనలేదు. కార్తీక పౌర్ణమికి చందమామ నాకు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన అయిదారు కనపడేవి, అందరికీ అంతే అనుకునేవాణ్ణి.

ఇంకోటుంది, నులుముకోవడం. మా వైపు జీడి పిక్కలు కాల్చే రోజుల్లో ఆ పొగకి, ఆ గుండకి కళ్ళు దురదెత్తిపోయేవి. నేను వేళ్ళతో కాదు, పిడికిలి బిగించి కణుపులతో నులుముకునేవాణ్ణి, ఆ సుఖం అనుభవించినవాడికే తెలుసు. కెరటోకోనస్ ముదరడానికి కళ్ళు నులమడం పెద్ద కారణమని ఇవాళ ఏ కంటి డాక్టరైనా చెప్తాడు. అప్పట్లో మా అమ్మ మాత్రం “సెయ్యి తియ్యిరా, కన్ను సిదిమీసుకుంతన్నావు” అని తిట్టేది. ఆమె ఏ కార్నియా పుస్తకమూ చదవలేదు.

సరే, మావయ్య మాటకి వద్దాం.

మొదటి తప్పు, అది లేజరు కాదు. మన దగ్గర సీ త్రీ ఆర్ అంటారు, క్రాస్ లింకింగ్ అన్నా అదే. మత్తు చుక్కలేసి, కార్నియా మీదున్న పల్చటి పైపొర గీకేసి, రైబోఫ్లేవిన్ చుక్కలు అరగంట సేపు వేస్తూ ఉంటారు, అది బీ2 విటమిన్, పసుపు కలిపిన నీళ్ళలా ఉంటుంది. ఆ తర్వాత ఇంకో అరగంట నీలంగా కనపడే అల్ట్రావయొలెట్ లైటు కింద పడుకోవాలి, ఇప్పుడు తొందరగా అయిపోయే పద్ధతులూ వచ్చాయి. ఆ విటమినూ ఆ లైటూ కలిసి కార్నియాలోని కొలాజెన్ పోగుల మధ్య కొత్త లంకెలు వేస్తాయి, నులక మంచం వదులైపోతే అడ్డంగా నాలుగు పట్లు లాగి బిగిస్తాం చూడండి, అలాగ. జర్మనీలో డ్రెస్డెన్‌లో వోలెన్‌సాక్, స్పోర్ల్, జైలర్ అనే ముగ్గురు దీన్ని మనుషుల మీద చేసి 2003లో ఫలితాలు అచ్చేశారు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకునేసరికి 2016 అయింది, మన దేశంలో అప్పటికే చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. ఇది చూపు తెప్పించే వైద్యం కాదు, జబ్బుని ఉన్నచోట ఆపే వైద్యం, ఈ సంగతి ముందే అర్థం కాకపోతే పాతిక వేలూ దండగయ్యాయని ఏడవాల్సి వస్తుంది.

గట్టిపడుతుందన్న మాట నిజమే. కానీ ఎక్కడ? ముందువైపు, దాదాపు 300 మైక్రాన్ల లోతు దాకా. వెనకాల భాగానికి పెద్దగా ఏమీ అవదు, అవకూడదు కూడా, ఎందుకంటే అట్టడుగున ఎండోథీలియం అని ఒకే ఒక్క వరస కణాలుంటాయి, కార్నియాలోకి ఊరిన నీటిని బయటికి తోడిపోసే మోటారు అదే, పాడైతే మన ఒంట్లో మళ్ళీ పుట్టదు. అందుకే పైపొర గీకాక కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉంటేనే మామూలు పద్ధతిలో సీ త్రీ ఆర్ చేస్తారు. ఈ 400 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లో అది చాలా ఖరీదైన అంకె.

ఇప్పుడు మార్పిడి సంగతి. దీన్లో రెండు రకాలున్నాయని నాకు 2016 దాకా తెలీదు. ఒకటి పీకే, పాత పద్ధతి, మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్ల ముక్కని మొత్తం మందంగా, పై నుంచి అడుగు దాకా గుండ్రంగా కోసి తీసేసి, దాత కార్నియా పెట్టి కుట్టేయడం. 1905 డిసెంబరులో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్‌లో మొదటిసారి నిలబడేలా చేసింది ఇదే. రెండోది డాల్క్. దీన్లో పాడైన ముందు భాగం మాత్రమే తీస్తారు, అడుగునున్న డెసిమెట్ పొర, దాన్నంటుకున్న మన సొంత ఎండోథీలియం అలాగే ఉంచేస్తారు. డెసిమెట్ పొర మందం 10 మైక్రాన్లు, దాని మీద ఇంకో సన్నటి పొర ఉందని 2013లో హర్మిందర్ దువా అనే డాక్టరు చెప్పారు, రెండూ కలిపినా వెంట్రుక మందంలో సగం ఉండదు. అంత పల్చటిదాన్ని చిరక్కుండా పైదంతా ఎలా ఒలుస్తారంటే గాలితో. సూదిని కార్నియా లోతుల్లోకి పోనిచ్చి గాలి కొడితే, పొరల మధ్య బుడగ లేచి రెండూ విడిపోతాయి. అన్వర్, టీక్‌మన్ అనే డాక్టర్లు 2002లో చెప్పిన పద్ధతి ఇది, బిగ్ బబుల్ అంటారు.

డాల్క్‌లో సుఖం ఏంటంటే, ఎండోథీలియం మనదే కాబట్టి ఎండోథీలియం రిజెక్షన్, అంటే దాత కణాల మీద మన ఒళ్ళు తిరగబడడం, అన్న భయమే ఉండదు, పీకేలో దాత కార్నియా పాడవడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. కన్ను పూర్తిగా తెరవరు కాబట్టి దెబ్బ తగిలినా కాస్త ఓర్చుకుంటుంది. మనలాంటి చోట ఇంకో లాభం, ఎండోథీలియం కణాలు తక్కువున్న దాత కన్ను పీకేకి పనికిరాకపోయినా డాల్క్‌కి పనికొస్తుంది. మా జిల్లాలో రెడ్ క్రాస్ వాళ్ళు చావు కబురు తెలిసిన ఇంటికి ఆరు గంటల్లోగా పరుగెత్తి నేత్రాలు సేకరించి పంపుతుంటారు, అలా తెచ్చినవాటిలో పనికిరావని పక్కనపెట్టే కళ్ళు ఎంత తగ్గితే అంత మంచిది కదా.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మావయ్య మాట నిలబడదు. సీ త్రీ ఆర్ గట్టిపరిచింది ముందు భాగాన్ని, డాల్క్‌లో బుడగ లేవాల్సింది వెనక భాగంలో. పైగా ఆ గట్టిపడిన ముక్క చాలావరకు కోసి అవతల పారేసేదే! తీసేసే గోడకి సిమెంటు గట్టిగా ఉందని ఎవరైనా బాధపడతారా. సీ త్రీ ఆర్ అయిన కళ్ళకి డాల్క్ చేసిన సర్జన్లు బుడగ లేస్తోందని, పని జరుగుతోందని రాశారు కూడా. నన్ను చూసే డాక్టరమ్మ గారు ఒక్క మాటలో తేల్చేశారు, “కోసేటప్పుడు బ్లేడుకి కాస్త తేడా తెలుస్తుంది బాబూ, అంతకుమించి నాకు భయం లేదు, నాకు భయం అసలేం చేయించుకోకుండా వచ్చేవాళ్ళతోనే.”

ఆ లెక్కన ఆవిడకి భయం పుట్టించింది నా కుడి కన్నే.

2013లో రెండు కళ్ళకీ చేయించమన్నారు, చేయించలేదు. 2016లో మళ్ళీ వెళ్ళేసరికి ఎడం కన్ను 430 ఉంది, కుడిది 400 కింద పడిపోయింది. ఎడం కంటికి వెంటనే చేసేశారు, మూడు రోజులు కంట్లో కారం పోసినట్టు మండింది, కొన్ని నెలలు పొగమంచులోంచి చూస్తున్నట్టుంది, తర్వాత తేటపడింది. అంతే, ఆ కన్ను అక్కడితో ఆగింది. పల్చటి కళ్ళకీ దారులున్నాయి, కార్నియాని తాత్కాలికంగా ఉబ్బించి చేస్తారు, చెన్నైలో సూసన్ జేకబ్ గారు కాంటాక్ట్ లెన్సుని కంటి మీద కప్పి మందం పూడ్చి చేసే పద్ధతి చెప్పారు. నేను వెళ్ళినచోట అప్పుడు అవేవీ లేవు, నేనూ ఇంకోచోట అడగలేదు. కుడి కంటికి గట్టి లెన్సు ఇచ్చి పంపించారు.

2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను మా నెత్తిమీదే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి, జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి, కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. మూడో రోజో నాలుగో రోజో, విరిగిన కొమ్మలు లాగుతుంటే ఆ దుమ్ముకి కన్ను దురదపెట్టింది, చేతులు మట్టిగా ఉన్నాయని మోచేతి మడతతో గట్టిగా రుద్దుకున్నా. ఆ సాయంత్రానికి నొప్పి, కళ్ళంట ధారగా నీళ్ళు, పొద్దున్న లేచి అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మధ్యలో తెల్లగా, ఉడికిన చేప కన్నులా. మా అమ్మ చూసి “కంట్లో పువ్వు పడిపోనాదిరా” అని ఏడుపు. విశాఖ చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది.

అది పువ్వు కాదు, హైడ్రాప్స్. సాగి సాగి ఉన్న డెసిమెట్ పొర ఒక్కసారిగా చిరిగిపోయి, కంటి లోపలి నీరు కార్నియాలోకి ఊరిపోవడం. నాకు ఉప్పు చుక్కలు వేశారు, కొందరికి లోపల గ్యాస్ ఎక్కించి తొందరగా మాన్పిస్తారు, దానంతటదే అయినా రెండు నాలుగు నెలల్లో తగ్గుతుంది. తగ్గింది. కానీ చిరిగినచోట మచ్చ మిగిలింది, అదీ నట్టనడుమ.

మార్పిడి మాట వచ్చినప్పుడు డాక్టరమ్మ గారు నా కేస్ షీటు వెనక బాల్‌పెన్నుతో రెండు గీతలు గీశారు, ఒకదాని కింద ఒకటి, పైది లావుగా కిందది సన్నగా. “గాలి ఇక్కడ కొడతాను, ఈ సన్న గీత మీద నుంచి పైది లేవాలి. నీకు ఈ సన్న గీతే ఒకసారి చిరిగి అతుక్కుంది” అని దాని మీద అడ్డంగా ఇంటూ పెట్టారు, “గాలి ఇక్కడికి రాగానే ఇది మళ్ళీ చిరుగుతుంది.” హైడ్రాప్స్ వచ్చిన కళ్ళకీ చేత్తో పొరపొరగా ఒలిచి, మచ్చ ఉన్నచోటుని ఆఖర్న ముట్టుకుంటూ డాల్క్ చేసే సర్జన్లున్నారు, నా మచ్చ సరిగ్గా చూపు దారిలో ఉంది కాబట్టి అది మిగిల్చినా ఉపయోగం లేదన్నారు. పీకేకి పేరు రాశారు. తర్వాత లాక్‌డౌను, నేత్రదానాలు దాదాపు ఆగిపోయాయి, 2021లో పిలుపొచ్చింది.

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. మావయ్య భయపడింది ముందు వైద్యం చేయిస్తే తర్వాత ఆపరేషన్ చెడుతుందని, నాకు జరిగింది ముందు వైద్యం చేయించకపోవడం వల్ల తర్వాత ఆపరేషన్ చెడడం. ఏమీ చెయ్యకుండా ఆగడం అంటే కన్నుని భద్రంగా దాచుకోవడం అని మనకో నమ్మకం, ఆ కన్ను మాత్రం ఆగదు, లోపల సాగుతూనే ఉంటుంది. 2013లో చేయించుంటే హైడ్రాప్స్ రాకపోయేదని ఒట్టేసి చెప్పలేను, సీ త్రీ ఆర్ అయ్యాక కూడా ముదిరేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. కానీ నాకు నేనే పోలిక, ఒకే ఒళ్ళు, ఒకే జీడి పొగ, ఒకే పిడికిలి, చేయించిన కన్ను నిలబడింది.

ఇక్కడ ఇంకో లెక్క కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. కెరటోకోనస్‌కి చేసే మార్పిళ్ళు అన్నిట్లోకీ బాగా నిలుస్తాయంటారు, నిజమే, ఆస్ట్రేలియా వాళ్ళ రిజిస్ట్రీలో నాలుగు వేల పైచిలుకు కళ్ళ లెక్క 2011లో వచ్చింది, పదేళ్ళకి నూటికి 89 నిలిచాయి. ఇరవై ఏళ్ళకి? 49. అంటే ఇరవై రెండేళ్ళ కుర్రాడికి మార్పిడి చేస్తే వాడికి నలభై రెండు వచ్చేసరికి రెండో మార్పిడి తలుపు దగ్గర నిలబడి ఉండే అవకాశం సగం, రెండోది మొదటిదంత బాగా నిలవదు. కాబట్టి ముందు వైద్యం మార్పిడి మీద చూపించే అసలు ప్రభావం కత్తి దగ్గర కాదు, క్యాలెండర్ దగ్గర. పదేళ్ళు వెనక్కి జరిపినా చాలు, కొందరికి అసలు అక్కర్లేకుండానే పోతుంది. నెదర్లాండ్స్‌లో క్రాస్ లింకింగ్ వచ్చాక దేశం మొత్తం మీద కెరటోకోనస్‌కి చేసే మార్పిళ్ళు నాలుగో వంతు తగ్గాయి, నార్వేలో ఒక పెద్దాసుపత్రిలో సగానికి పైగా తగ్గాయి. మా నాన్న బీరువాలో దాచిన పాతిక వేలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ లెక్కలు నాకు గొంతులో అడ్డం పడతాయి.

అలాగని ముందు చేసిన ఏ వైద్యమైనా తర్వాత ఆపరేషన్‌కి అడ్డు రాదని అంటే నేనూ మావయ్య పక్కన కూర్చున్నట్టే. అడ్డొచ్చేవి ఉన్నాయి. మా మేనత్త కొడుకు, నరసన్నపేట బావ, వాడికీ ఇదే జబ్బు. మా ఇంట్లో ఇద్దరికి ఎందుకొచ్చిందంటే కొన్ని కుటుంబాల్లో వస్తుంది, అంతే. బావ ఇంకో ఊళ్ళో రింగులు వేయించుకున్నాడు. ఇవి అర్ధచంద్రాకారంలో ఉండే ప్లాస్టిక్ ముక్కలు, కార్నియాలో దాదాపు మూడొంతుల లోతులో సొరంగం తవ్వి అందులో తోస్తారు, పొడుచుకొచ్చిన కొన కాస్త చదునవుతుంది. కొన్నేళ్ళు బాగానే చూశాడు, తర్వాత ఒక రింగు పైకి తేలి, మీద పొర పల్చబడి ఎర్రబడ్డం మొదలైంది. 2022లో డాల్క్‌కి వెళ్తే సర్జన్ మొదట అడిగిన ప్రశ్న, “రింగులు ఎంత లోతులో వేశారు, ఏ సైజు, కాగితాలేవి?” కాగితాలు లేవు. వేసినచోట అడిగితే పాత రికార్డులు లేవన్నారు. స్కానుల్లో లోతు కొలిచి, ముందు రింగులు తీసేసి, కొన్ని నెలలాగి, అప్పుడు ఆపరేషన్. గాలి కొడితే బుడగ లేవడానికి బదులు ఆ పాత సొరంగాల్లోంచి తుస్సుమని బయటికొచ్చేసిందట. చివరికి చేత్తో పొరపొరగా ఒలుచుకుంటూ వచ్చారు, గంటలో అవుతుందన్నది రెండున్నర గంటలు పట్టింది. అయింది, డాల్కే అయింది, వాడి ఎండోథీలియం వాడికే ఉంది. ఇప్పుడు వాడు నా కన్నా బాగా చూస్తాడు, ఆ సంగతి పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తాడు కూడా.

కాబట్టి రింగులు తలుపు మూసేయవు, గడియ బిగుస్తుంది, అంతే. అదే రింగుల పని ఇప్పుడు ప్లాస్టిక్ బదులు దాత కార్నియా ముక్కలతో చేస్తున్నారు, ఇందాక చెప్పిన సూసన్ జేకబ్ గారిదే ఆ ఆలోచన కూడా.

కళ్ళజోడు తీసేసే లాసిక్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, పోలీసు సెలక్షన్లకో పెళ్ళిచూపులకో తొందరపడి టోపోగ్రఫీ సరిగ్గా చూడనిచోట చేయించుకుంటే, దాగున్న కెరటోకోనస్ కాస్తా నిద్రలేస్తుంది, ఉన్న మందమే తక్కువ, అందులోంచి ఇంకొంచెం చెక్కేస్తే ఏమవుతుంది. గట్టి లెన్సుల సంగతీ అంతే, సరిగ్గా సరిపోయిన లెన్సు వల్ల ఏళ్ళకేళ్ళు మార్పిడి తప్పుతుంది, సరిపోనిది కొన మీద రోజూ ఒరుసుకుని మచ్చ చేస్తుంది. ఆ మచ్చ ముందువైపుది కాబట్టి డాల్క్‌లో పోతుంది. లెన్సు అతిగా వాడో ఎలర్జీ వల్లో కార్నియాలోకి రక్తనాళాలు పాకితే మాత్రం అది వేరే కథ, నాళాలున్న కంట్లో కొత్త కార్నియాని ఒళ్ళు తొందరగా గుర్తుపట్టి తిరగబడుతుంది.

నాకు అన్నిటికన్నా కోపం వచ్చేది మెడికల్ షాపు చుక్కల మీద. దురదకి డాక్టరు ఎప్పుడో రెండు వారాలకి రాసిన స్టెరాయిడ్ చుక్కలు, పాలలా తెల్లగా ఉంటాయి, ఊపి వేసుకోవాలి, వేసుకోగానే దురద మాయం. ఆ ఖాళీ సీసా పట్టుకెళ్ళి చూపిస్తే షాపులో ఇంకోటి ఇచ్చేస్తారు, చీటీ అడగరు. నేను ఇంటర్ రెండేళ్ళూ అవి వాడాను. ఎవరూ దీన్ని వైద్యం కింద లెక్కెయ్యరు, “ఇంతకుముందు ఏం ట్రీట్‌మెంట్ తీసుకున్నారు” అని అడిగితే నేనూ ఏమీ లేదనే చెప్పాను. కానీ మార్పిడి తర్వాత ఆ కార్నియాని కాపాడేది నెలల తరబడి వేసే స్టెరాయిడ్ చుక్కలే, పీకేకైతే ఏడాది దాటినా వేస్తారు. ముందే ఆ చుక్కలకి కంటి ప్రెషరు పెరిగే తత్వం ఉండి, చూపు నరం దెబ్బతిని ఉంటే, లేదా శుక్లం దిగి ఉంటే, అప్పుడు సర్జన్ చేతులు కట్టేసినట్టే. కార్నియా అద్దంలా తళతళలాడుతున్నా వెనక నరం చచ్చిపోతే ఏం కనపడుతుంది? నాకు మార్పిడి అయిన ఆరో వారంలో ప్రెషరు 34కి వెళ్ళింది, మందు మార్చి, ప్రెషరు చుక్కలు కలిపి దించారు. అప్పుడు అడిగారు డాక్టరమ్మ గారు మళ్ళీ, “నిజం చెప్పు, చిన్నప్పుడు తెల్ల చుక్కలు వాడావా?” అప్పుడు చెప్పాను. సీ త్రీ ఆర్ చేయిస్తే కన్ను పాడవుతుందని ఊరంతా భయపడతారు, నలభై రూపాయల సీసా గురించి ఎవరికీ భయం లేదు.

పీకే తర్వాత బతుకెలా ఉందంటే, బాగానే ఉంది. పదహారు కుట్లు, వెంట్రుకలో మూడో వంతు ఉండే నైలాన్ దారం, ఏడాదిన్నర పాటు ఒక్కోటీ తీశారు, తీసినప్పుడల్లా చూపు ఒక వైపుకి లాగినట్టు మారేది. ఆ గుండ్రటి గాటు ఎన్నేళ్ళైనా పుట్టుకతో వచ్చిన కార్నియా అంత గట్టిగా ఉండదట, మా బాబు ఆడుకుంటూ తల ఎత్తినా నేను వెనక్కి గెంతుతాను. సిలిండరు ఇంకా ఉంది కాబట్టి మార్పిడి అయ్యాక కూడా స్క్లీరల్ లెన్సు, అంటే తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సు, పెట్టుకునే ఫ్యాక్టరీకి వెళ్తాను, మార్పిడి అంటే కళ్ళజోడు కూడా అక్కర్లేని చూపని అనుకునేవాళ్ళు ఇది చదివితే మంచిది.

ఇంక మా అప్ప కొడుకు. పద్నాలుగేళ్ళు, ఏడాదిలో రెండుసార్లు నంబరు మారింది, పిల్లల్లో ఇది పెద్దవాళ్ళ కన్నా వేగంగా ముదురుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాం, ఎవరూ మావయ్యని అడగలేదు, ఆయనే వచ్చి “నానూ వస్తాను” అన్నాడు. డెబ్భై దాటాయి, తెల్ల లుంగీ మీద కొత్త చొక్కా తొడుక్కుని, పిల్లాడి రిపోర్టులన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. పిల్లాడి కుడి కన్ను 462, ఎడంది 471. డాక్టరమ్మ గారు చెప్పాల్సింది చెప్పేశాక ఆయన గొంతు సవరించుకుని, “అమ్మా, ఇది సేయించీసినాక, ఆనక ఎప్పుడైనా మార్సాల్సొస్తే, కుట్టు పడుద్దేటమ్మా?” అని అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ నవ్వలేదు, మళ్ళీ ఒక కాగితం తీసి రెండు గీతలు గీసి, లావు గీత మీద వేలు పెట్టి, పడుతుందండీ అని ఓపిగ్గా చెప్పారు. ఆ కాగితం కూడా మడతపెట్టి కవర్లో వేసుకున్నాడు.

రెండు కళ్ళకీ నెల తేడాతో అయిపోయింది. రెండోసారి, గీకిన కంటి మీద కట్టులా పెట్టిన లెన్సు తీయించుకుని తిరుగు రైల్లో వస్తుంటే పొందూరు దగ్గర పిల్లాడికి దురద మొదలైంది, చెయ్యి పైకి లేచింది. మావయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు. వాడు విదిలించుకుంటూనే ఉన్నాడు, ఈయన పల్లీలు కూడా ఎడం చేత్తోనే తింటూ, నౌపడా దాటేదాకా వదల్లేదు.